పన్నెండో సున్న

ఆ సోమవారం పొద్దున స్టూడియో తలుపు తీసేసరికి పిన్ని చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఆనుకోవడానికి వెనక ఏమీ లేని ఎత్తు స్టూలు ఒకటి, రబ్బరు తల పెన్సిలు ఒకటి, పొడుగు నోటు పుస్తకాలు నాలుగు, దుమ్ము దులిపే మెత్తటి బ్రష్షు ఒకటి, పన్నెండు సున్నల రబ్బరు స్టాంపు ఒకటి. స్టాంపులో పన్నెండో సున్న అరిగిపోయి ఏడాదైంది. నిజంగా లెక్కేస్తే పదకొండే. అయినా పిన్ని దాన్ని పన్నెండు కిందే జమకట్టుకునేది. పాతికేళ్లు పళ్లకొట్టు నడిపిన మనిషి. మచ్చపడిన పండును పక్కన పెడుతుందేగాని లెక్కలోంచి తీసెయ్యదు.

పిన్ని అన్నది ఆమె అక్క కొడుకు పిలుపు. స్టూడియో అతనిది. ఆ పిలుపు అక్కడికొచ్చే పాటగాళ్లకూ వాయిద్యాల వాళ్లకూ, చివరికి కరెంటు మీటరు చూసే మనిషికీ అంటుకుంది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు.

అక్క కొడుకు కుర్చీకి కుడిపక్క, మోకాలెత్తున ఒక ఇనప ర్యాక్ ఉంది. దాన్నిండా దీపాలు మిణుకుమనే పెట్టెలు. వాటిలో పిన్నికి సంబంధించినవి రెండే, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒకటి ఎడమ స్పీకరుకు, ఒకటి కుడి స్పీకరుకు. ఈక్వలైజర్లు. ఒక్కో పెట్టెకు పన్నెండు నాబులు, సీసా మూతల్లా పొడుగ్గా, నున్నగా ఉంటాయి. పాట అడుగున బరువెక్కువైతే తగ్గించేది ఒకటి, గొంతు ముక్కులోంచి వస్తున్నట్టుంటే సరిచేసేది ఇంకొకటి. ఆ చివరనున్న పన్నెండోది మాత్రం పాటంతటి మీదా కాస్త గాలి, కాస్త మెరుపు చల్లుతుంది.

ఈ పెట్టెల్లో ఒక్కటే లోటు. వీటికి జ్ఞాపకం లేదు. కంప్యూటరైతే ఎన్నాళ్ల కిందటి పాటనైనా ఒక్క నొక్కుతో ఉన్నదున్నట్టు తెచ్చిపెడుతుంది. వీటిలో కొత్త పాట కోసం నాబు తిప్పారంటే పాత పాట జాడ పోయినట్టే. అందుకే పిన్ని. పాట పూర్తవగానే స్టూలెక్కి కూర్చుని, పుస్తకంలో రెండుసార్లు స్టాంపు కొట్టి, ఒక్కో సున్నలో నాబు గీత ఎటు చూస్తోందో అటు పెన్సిలుతో గీస్తుంది. గడియారం చదివినట్టు పైకి చదువుకుంటూ గీస్తుంది. "మొదటిది పదకొండు. రెండోది పన్నెండున్నర. మూడోది పావు తక్కువ రెండు." ఎప్పుడైనా ఆ పాట తిరిగొస్తే అదే స్టూలు మీద కూర్చుని, అదే పేజీ తీసి, అన్నిటినీ మళ్లీ అదే వేళకు తిప్పుతుంది. మూడేళ్లు, నూట ముప్ఫై పాటలు. ఒక్కదానికీ మాట రానివ్వలేదు.

"ఫోనుతో ఫొటో తీసుకోవచ్చుగా పిన్నీ, ఈ పెన్సిలు చాకిరీ ఎందుకు?" అని గాయని ఒకసారి అడిగింది.

"తీశాం తల్లీ. ఆ నున్నటి మూతల మీద దీపం మెరిసి, గీత తప్ప అన్నీ పడ్డాయి. నా ముక్కు కూడా పడింది."

ఆ గాయనే ఆ సోమవారం వచ్చింది. పది పాటల ఆల్బం. పదీ అయిపోయాయి. తీరా అచ్చుకు వెళ్లే ముందు ఆరో పాటలో ఒక లైను అది రాసిన కవిగారికే నచ్చకుండా పోయింది. కొత్త లైను ఆమె అరగంటలో పాడేసి, తెచ్చుకున్న బిస్కెట్ల పొట్లం విప్పింది. మిగిలిన పనల్లా ఆరో పాటను మళ్లీ ఆ పెట్టెల గుండా పాత పద్ధతిలోనే పంపి, పాతదానికీ కొత్తదానికీ తేడా తెలియకుండా తయారు చెయ్యడమే.

అది దగ్గరుండి చూడమని నిర్మాత ఒక పెద్ద ఇంజినీరును పంపాడు. "ఆయన చెవులు బంగారం" అని నిర్మాత ఫోనులో చెప్పడం పిన్ని విన్నది. అంతే, మనిషి మెట్లెక్కేలోగా ఆయనకు బంగారు చెవులు అని పేరు పడిపోయింది. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చెడని చొక్కా, చేతిలో చిన్న టార్చిలైటు.

పిన్ని పేజీ తీసి స్టూలెక్కబోతుంటే ఆయన చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి, నేనే పెడతాను. ఈ చీటీ ఎవరు రాశారు?"

"నేనే బాబూ."

"మీరు ఇంజినీరా?"

"కాదు. పళ్లకొట్టు ఉండేది నాకు."

ఆయన అక్క కొడుకు వైపు చూశాడంతే. ఆ చూపు పిన్ని పక్కనుంచి, ఆమె అక్కడ లేనట్టే వెళ్లింది.

తర్వాత ర్యాక్ ముందు గొంతుక్కూర్చుని, పెట్టెలకు కళ్లు సమానంగా పెట్టి, టార్చి వేసుకుని, ఒక్కో నాబూ పేజీలో ఉన్నట్టే తిప్పాడు. పని శుభ్రంగానే ఉంది. పిన్ని తప్పు పట్టడానికి చూసింది గాని దొరకలేదు. చివరికొచ్చి ఆగాడు.

"ఇక్కడ పన్నెండోదానికి సున్నే లేదు."

"స్టాంపు ఆ మూల అరిగింది బాబూ."

"అరిగితే కొత్తది చేయించరా? ఇంతమంది కష్టం ఈ కాగితం మీద ఉంది కదమ్మా!"

ఆ మాట న్యాయమే. ఏడాదిగా ఆ సున్న లేకుండానే తానెలా నెట్టుకొస్తోందో చెప్పాలని పిన్ని నోరు తెరిచింది. తీరా చూస్తే చెప్పడానికి తనకే తెలియదు. ఆయన పన్నెండో నాబును నడిమధ్యకు తిప్పి లేచాడు.

పాత పాట కాసేపు, కొత్త పాట కాసేపు, ఒక్క మీటతో మార్చి మార్చి విన్నారు. వినడానికి బంగారు చెవులు అక్కర్లేదు. పాతది ఇప్పుడే కోసిన పండు. కొత్తది నాలుగు రోజులు ఫ్రిజ్‌లో మరిచిపోయిన ముక్క. గొంతు అదే, పాట అదే, తడి లేదు.

"నా గొంతుకు జలుబు చేసిందేమిటి?" అంది గాయని, బిస్కెట్ నోటికీ చేతికీ మధ్య ఆపి.

బంగారు చెవులు నాబులన్నీ మళ్లీ సరిచూసుకున్నాడు. అన్నీ పేజీలో ఉన్నట్టే ఉన్నాయి. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "చీటీ తప్పు. గురువారం నిర్మాతగారు వస్తున్నారు. ఈలోగా చెవితో పట్టుకోగలనేమో చూస్తాను. కుదరకపోతే పది పాటలూ మా దగ్గరికి తీసుకెళ్లి కంప్యూటర్లోనే మొదట్నించీ చేస్తాను. ఒక్క పాట ఒకలా, తొమ్మిది ఇంకోలా ఇవ్వలేం కదా!"

అక్క కొడుకు తల ఊపాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక అతను తీగలు చుట్టుకుంటూ, పిన్ని వైపు చూడకుండా అన్నాడు. "ఆ పెట్టెలు అమ్మేద్దామనుకుంటున్నా. అడిగినవాడికి గురువారం కబురు చెప్తానన్నా. ఈ ఆల్బం పోతే ఇక వాటిని నమ్ముకుని ఎవరొస్తారు? వాటితోపాటు ఈ పుస్తకాల పనీ ఆపేద్దాం పిన్నీ. తప్పు నీదని అనట్లేదు."

"అనట్లేదు. కాదని కూడా అనట్లేదు" అంది పిన్ని.

అతని చేతిలో తీగ చుట్ట జారి విప్పుకుపోయింది. పిన్ని వంగి అందించి, చెప్పులేసుకుంది.

*

మంగళవారం ఆమె స్టూలు వరండాలో ఉంది. దాని మీద పూలకుండీ ఉంది. గదిలో బంగారు చెవులకు కాళ్లు చాపుకోవడానికి చోటు చాలలేదట. పిన్ని కుండీని కిందకు దించి తన స్టూలు మీద కూర్చుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆరో పాట ముక్క ఒకటి బయటికొచ్చేది. ఒకసారి మరీ మొద్దుగా, ఇంకోసారి రేకు మీద గోరు గీసినట్టు. పొద్దున పదింటినుంచి అదే పాట.

గాయని వచ్చి పక్కనే గోడకానుకుని నేల మీద కూలబడింది. "పాడమంటే రోజంతా పాడతా గాని పిన్నీ, నా పాట నేనే నూరుసార్లు వినాలంటే ఏడుపొస్తోంది. ఎవరే ఈవిడ, ఆపండి అనాలనిపిస్తోంది."

"ఆయన మంచి పనిమంతుడే" అంది పిన్ని.

"నిన్ను బయట కూర్చోబెట్టినాయన్ని మెచ్చుకుంటున్నావా!"

"కోపం వేరు, సరుకు వేరు. చూశావా, నాబు ముట్టుకునే ముందు చెయ్యి తుడుచుకుంటాడు." ఆగి అంది: "కానీ నేను రాసింది రాసినట్టే ఉంది. ఆయన పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇద్దరం సరిగ్గా ఉంటే పాట ఎందుకు తప్పింది? అదొక్కటే నాకు పద్దు కుదరట్లేదు."

మధ్యాహ్నానికి అక్క కొడుకు పెట్టెల నాలుగు మూలలూ టేపుతో కొలిచి, కొనేవాడికి ఫోనులో చెప్పడం వినిపించింది. పిన్ని లేచి బ్రష్షు తీసుకుని వెళ్లి, ఎవరి అనుమతీ అడక్కుండా ఇరవైనాలుగు నాబుల చుట్టూ దుమ్ము దులిపి వచ్చింది. ఒక్కదాన్నీ కదపకుండా దులపడం ఆమెకు అలవాటే.

*

బుధవారం పొద్దున స్టూడియోకు వెళ్లబుద్ధి కాలేదు. కాళ్లు పాత వీధిలోకి తిరిగాయి. ఆమె కొట్టు ఉన్న చోట ఇప్పుడు చెప్పుల షాపు ఉంది. పక్క కొట్టతను మాత్రం అలాగే ఉన్నాడు. అప్పట్లో ఇద్దరూ ఒకరి గిరాకీని ఒకరు పిలుచుకుంటూ పాతికేళ్లు పోట్లాడుకున్నారు, అందుకే అన్నయ్యా అంటుంది.

"రావమ్మా సంగీతం!" అన్నాడు అతను ద్రాక్షగుత్తి తక్కెట్లో వేస్తూ. అతనిది గడియారంలా గుండ్రటి ముఖం, మధ్యలో ముల్లు ఉన్న తూకం. కొట్టు పక్కనుంచి మెడ చాచి చూస్తున్న గళ్ల చొక్కా అతను చటుక్కున అందుకున్నాడు.

"ఏం తూకమయ్యా ఇది! కిలోకి ఇంకా ఇంత తక్కువుంది. ముల్లు కనబడట్లేదనుకున్నావా?"

"మీరు పక్కనుంచి చూస్తున్నారు సార్. ఎదురుగా వచ్చి చూడండి."

"ఎక్కడ్నించి చూస్తే ఏంటి? ముల్లు ముల్లే కదా!"

"ముల్లు అంకెల మీద అంటుకుని లేదు సార్, మధ్యలో వేలంత సందుంది. పక్కనుంచి చూస్తే జరిగినట్టుంటుంది. ఇలా రండి."

గళ్ల చొక్కా వచ్చి ఎదురుగా నిలబడి, కిలో చూసి, ఏమీ అననట్టే సంచీ తెరిచాడు.

పిన్ని రుచికని తీసుకున్న ద్రాక్షపండు నోట్లో వేసుకోకుండా అలాగే పట్టుకుని ఉంది. ఈ పోట్లాట ఆమె తన నోటితో ఎన్ని వందలసార్లు ఆడిందో! ఇలా రండి, ఎదురుగా చూడండి. పొడుగు మూతల నాబులు. మూత నెత్తిన గీత. కింద ఎక్కడో పెట్టె మీద అంకెలు. మధ్యలో వేలంత సందు. పక్కన, కుడివైపు, తన స్టూలు.

"అన్నయ్యా" అంది. "మూడేళ్లుగా నేను గళ్ల చొక్కానయ్యాను."

"ఏంటమ్మా?" అన్నాడు అతను. కానీ ఆమె అప్పటికే మలుపు తిరిగిపోయింది, ద్రాక్షపండు చేతిలో ఉండగానే.

*

స్టూడియో వరండాలో మళ్లీ కుండీ స్టూలెక్కి ఉంది. ద్రాక్షపండు కొంగున ముడేసి, కుండీ దించి, స్టూలు చంకలో ఇరికించుకుని, పిన్ని తలుపు తోసుకుని లోపలికెళ్లింది. బంగారు చెవులు కళ్లు నులుముకుంటున్నాడు. చొక్కా ఇస్త్రీ మొదటిసారి చెడింది.

"పది నిమిషాలు నాకివ్వండి. కుదరలేదంటే ఆ నాలుగు పుస్తకాలూ నేనే చించేస్తాను."

"పిన్నీ, ఇప్పుడు కాదు..." అన్నాడు అక్క కొడుకు.

"ఇవ్వండి" అన్నాడు బంగారు చెవులు, కుర్చీ వెనక్కు జరుపుకుంటూ. "నాకు ఎలాగూ దారి కనబడట్లేదు."

నేల మీది నాపరాయికి స్టూలు కాళ్లు మూడేళ్లలో నాలుగు మచ్చలు చేశాయి. పిన్ని సరిగ్గా ఆ మచ్చల మీదే స్టూలు పెట్టి ఎక్కింది. ఆరో పాట పేజీ ఒళ్లో పెట్టుకుంది. "మొదటిది పదకొండు. రెండోది పన్నెండున్నర. మూడోది పావు తక్కువ రెండు." వంగి తిప్పడం, తల ఎత్తి పేజీ చూడడం, మళ్లీ వంగడం. పై పెట్టెలో పదకొండూ అయ్యాయి. కింది పెట్టెలో పదకొండూ అయ్యాయి. అప్పుడు పన్నెండోవి రెండూ రెండు చేతులతో పట్టుకుని, "ఏదీ, ఒకసారి పాట పెట్టు" అంది.

పాట మొదలైంది. పిన్ని పేజీ చూడలేదు, పెట్టెలూ చూడలేదు. ఎదురు గోడ మీద చూపు నిలిపి, బొటనవేళ్లతో నాబులను మెల్లగా కదిపింది. పండు మగ్గిందో లేదో తొడిమ దగ్గర నొక్కి చూస్తామే, అలా. కొంచెం పైకి. ఇంకొంచెం. కాస్త వెనక్కు. గొంతు చుట్టూ ఎవరో కిటికీ తెరిచినట్టయింది. చేతులు తీసేసింది.

"ఆఁ" అంది.

బంగారు చెవులు లేచి, స్పీకర్లకు వీపు తిప్పి గోడ వైపు నిలబడ్డాడు. "మారిన లైను లేని మొదటి చరణమే పెట్టండి. ఏది పాతదో ఏది కొత్తదో నాకు చెప్పకుండా మార్చండి. ఎనిమిదిసార్లు." మీట టిక్కుమన్నప్పుడల్లా పాత, కొత్త, కొత్త, పాత అని చెప్పుకుంటూ పోయాడు. అక్క కొడుకు కాగితం మీద టిక్కులు పెట్టాడు.

"ఎన్ని సరిగ్గా చెప్పాను?"

"నాలుగు."

"ఎనిమిదికి నాలుగు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి." వెనక్కు తిరిగాడు. ముఖమంతా నవ్వు. "అంటే నాకు తేడా తెలియట్లేదన్నమాట!"

గాయని వరండాలోంచి పరుగెత్తుకొచ్చి పిన్ని మెడ చుట్టూ చేతులేసింది. "నా జలుబు తగ్గింది! పిన్నీ, నా జలుబు తగ్గింది!"

"స్టూలు కదిలించకే తల్లీ!"

బంగారు చెవులు అప్పటికే టార్చితో ర్యాక్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇదేమిటి! చీటీలో పన్నెండున్నర అనుంది. ఇది ఒంటిగంట మీద ఉంది. ఇది కూడా జరిగే ఉంది. ఇది కూడా."

"అక్కడ్నించి ఒంటిగంట. ఇక్కడ్నించి పన్నెండున్నర. వచ్చి కూర్చోండి" అంటూ పిన్ని దిగింది.

ఆయన స్టూలెక్కాడు. పేజీ చూశాడు, నాబులు చూశాడు, మళ్లీ పేజీ చూశాడు. నెమ్మదిగా మొదలైన నవ్వు కడుపు పట్టుకునేదాకా వెళ్లింది.

"అయితే మూడేళ్లుగా నేను రాసిందంతా తప్పే" అంది పిన్ని. ఆమే ముందు నవ్వేసింది.

"నూట ముప్ఫై పాటలు!" అన్నాడు అక్క కొడుకు తల పట్టుకుని.

"తప్పు రాసింది ఈ స్టూలు మీదే, సరిదిద్దింది ఈ స్టూలు మీదే. అందుకే ఎవరికీ తెలియలేదు" అన్నాడు బంగారు చెవులు. "అది సరే. ఆ పన్నెండోది? దానికి చీటీలో ఏమీ లేదుగా. ఎలా పెట్టారు?"

పిన్ని ఆలోచించింది. "విని."

"ప్రతి పాటకీ?"

జవాబు అక్క కొడుకు ఇచ్చాడు. "అవును. ఏడాదిగా ప్రతిసారీ చివర్లో 'ఏదీ, ఒకసారి పాట పెట్టు' అంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటోంది అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను" అంది పిన్ని.

బంగారు చెవులు స్టూలు దిగి, చేతిరుమాలు తీసి, సీటు తుడిచాడు. "సోమవారం మీరు రాశానని చెప్తే నేను మీ అబ్బాయి వైపు చూశాను. మిమ్మల్ని చూడాల్సింది. క్షమించండమ్మా. ఏడో పాటలో గాలి నాకు కొంచెం ఎక్కువనిపిస్తోంది. మీరు విని చెప్తారా?"

పిన్ని కొంగు ముడి విప్పి చూసుకుంది. ద్రాక్షపండు నలిగి ఉంది. నోట్లో వేసుకుంది. "పెట్టండి, విందాం."

*

గురువారం నిర్మాత వచ్చి, పది పాటలూ విని, మారింది ఏ పాటో చెప్పలేక, పదీ తీసుకుని వెళ్లిపోయాడు. పెట్టెలు కొనేవాడికి అక్క కొడుకు ఫోను చేసి, అవి అమ్మకానికి లేవని పిన్ని వినేలా గట్టిగా చెప్పాడు. తర్వాత స్క్రూడ్రైవరు తెచ్చి నేల మీద బోర్లా పడుకుని, స్టూలు నాలుగు కాళ్లనూ ఆ నాలుగు మచ్చల మీదే బిగించడం మొదలుపెట్టాడు.

"సోమవారమే ఒక మాట అనాల్సింది పిన్నీ" అన్నాడు కిందనుంచి.

"ఇప్పుడు అను."

"తప్పు నీది కాదు."

"తప్పు నాదే రా, చూశావుగా! అయినా సోమవారం అనాల్సిందే." కాలితో అతని భుజం మెత్తగా తన్నింది. "ఆ మూడోది వదులుగా ఉంది, బిగించు."

శనివారం స్టాంపులు చేసే కొట్టుకెళ్లి, అరిగినదాన్ని బల్ల మీద పెట్టింది. అతను అద్దం పెట్టి చూశాడు.

"ఇలాంటిదే కొత్తది కావాలా? పన్నెండు సున్నలు కదా, చివరిది అరిగింది. అది కూడా వేసి..."

"పదకొండు చాలు" అంది పిన్ని.

"పన్నెండు నాబులన్నారు కదండీ మొదటిసారి వచ్చినప్పుడు!"

"పన్నెండే. పన్నెండోది నా దగ్గరుంది."

ఆ వారం సరుకు లెక్క చూస్తే ఇలా తేలింది: స్టూలు ఒకటి, పాతదే, కాకపోతే ఇక కదలదు. పెన్సిలు ఒకటి, అంగుళం తగ్గింది. నోటు పుస్తకాలు నాలుగు, అన్నీ తప్పే, అన్నీ పనికొచ్చేవే. బ్రష్షు ఒకటి. స్టాంపు ఒకటి, కొత్తది, పదకొండు సున్నలు. చెవులు రెండు. అవి మొదట్నించీ ఉన్నవే. జమలో రాసుకున్నది మాత్రం ఆ వారమే.